సున్నం ముంత వాంగ్మూలం

నేను ఒక ముంతను. మట్టి ముంతను. నాలో అర లీటరు పడుతుంది. మూతి ఇరుకు, పొట్ట గుండ్రం. భీమిలి తీరంలోని ఒక హోటల్లో ఒక శనివారం సాయంత్రం పావుగంటసేపు నా మీద హత్యాయత్నం అనుమానం నడిచింది.

సరిగ్గా చెప్పాలంటే అనుమానం నా మీద కాదు. తప్పు నా కడుపులో ఉంటే, వాళ్లు పట్టుకున్నది నన్ను నింపిన మనిషిని. మనుషుల పద్ధతి అంతే. కూర మాడితే గిన్నెని ఎవరూ నిలదీయరు.

ఆ పావుగంటలో అక్కడ నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చెప్పడానికి నాకు మూతి ఉంది గానీ నాలుక లేదు. ఇప్పుడు గొడవ సద్దుమణిగింది కాబట్టి మొదటినుంచీ చెప్తాను. తొందరగానే చెప్తాను.

నేను పుట్టింది తగరపువలస దగ్గర కుమ్మరి వీధిలో. సన్యాసమ్మ మొగుడు సారె తిప్పితే, సన్యాసమ్మ నా మూతి దిద్దింది. దిద్దుతున్నప్పుడు పక్కింటావిడ ఏదో జోకు వేసింది. సన్యాసమ్మ పకపకా నవ్వింది. బొటనవేలు జారి మూతి లోపలి అంచున చిన్న నొక్కు పడింది. సరిచేద్దామనుకుని మర్చిపోయింది. ఆ నొక్కుతోనే ఆవం మంటల్లో కాలాను. ఈ నొక్కుని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నా మొదటి యజమాని గౌరయ్య. తాడిచెట్లెక్కి కల్లు గీసేవాడు. అతని దగ్గర రెండు రకాల ముంతలుండేవి. కల్లుకి కట్టే ముంతలు ఊరికే కడిగి కట్టేవాడు. బెల్లానికి కట్టే ముంతలకి మాత్రం లోపల సున్నం రాసేవాడు. సున్నం ఉంటే రసం పులవదు, తియ్యగానే దిగుతుంది, ఆ రసాన్ని కాచి తాటిబెల్లం పోస్తారు. నేను బెల్లం ముంతని. అంటే, మీరు నమ్మినా నమ్మకపోయినా, ఆ తోటలో కల్లు వాసనే తగలని ముంతల్లో నేనొకదాన్ని.

ఒకరోజు పొద్దున్నే ఎక్సైజువాళ్ల జీపు వచ్చింది. దిగినవాళ్లు ముంతలన్నీ దింపించారు. నన్ను వంచి చూశారు. అడుగున తెల్లగా కనిపించింది.

"కల్లులో మత్తుపొడి కలుపుతున్నాడు" అన్నాడొకడు.

"సున్నం బాబూ, బెల్లం ముంత అది" అన్నాడు గౌరయ్య.

"అందరూ ఇలాగే చెప్తారు."

ఒక్కడైనా వేలు పెట్టి నాలుకకి రాసుకోలేదు. ఒక్కడైనా ఆ ముంత చేసినవాళ్లెవరని అడగలేదు. ఊళ్లో సాయంత్రానికల్లా పేరు మారిపోయింది. అప్పటిదాకా అతను గీత గౌరయ్య. ఆ రోజు నుంచి కల్తీ గౌరయ్య. అతను చెట్లు వదిలేశాడు. మిగిలిన ముంతలు తెచ్చి సన్యాసమ్మ వాకిట్లో దించి, "నాకింక ఈటితో పన్లేదు అప్పా" అని ఆవిడతో సొంత అక్కతో చెప్పినట్టు చెప్పి వెళ్లిపోయాడు. ఓడరేవులో మూటలు మోశాడని విన్నాను. ఆ తర్వాత అతని కబురు నాకు చేరలేదు.

మిగతా ముంతలు ఒక్కొక్కటీ పగిలిపోయాయి. నాలో ఎలాగూ సున్నం వాసన ఉందని సన్యాసమ్మ నన్ను తన కిళ్లీ సున్నానికి పెట్టుకుంది. ముప్పై ఏళ్లపైన అలాగే గడిచాయి. రోజుకి పదిసార్లు ఆవిడ చూపుడువేలు నా లోపలికొచ్చేది, కాస్త సున్నం గీరుకుని తమలపాకు మీదికి పోయేది. అంతకంటే నిమ్మళమైన ఉద్యోగం ఏ ముంతకీ దొరకదు. దాన్ని చెడగొట్టింది మెక్సికో.

హోటల్ మేనేజరు ఫణీంద్ర ఫోన్లో ఒక వీడియో చూశాడు. మెక్సికోలో చిన్న మట్టి ముంతల్లో ఒక పానీయం కలిపి ఇస్తారట. టెకీలా, మూడు రకాల పుల్లటి పళ్ల రసం, ఉప్పు, సోడా. పేరు కాంతారీతో. ఆ వారంలోనే ఎర్నెస్తో అనే మెక్సికో పెద్దాయన రాబోతున్నాడు. ఒకప్పుడు ఓడ కెప్టెను, ఇప్పుడు విహారయాత్రల కంపెనీ మనిషి. ఆయనకి చోటు నచ్చితే ప్రతి చలికాలం రెండు ఓడల జనం ఈ తీరంలో దిగుతారు. ఫణీంద్ర వెంటనే కుమ్మరి వీధికి ఫోన్ చేసి పన్నెండు ముంతలు చెప్పాడు.

సన్యాసమ్మ కోడలు పోలమ్మ పన్నెండూ చేయించింది. శనివారం పొద్దున ఆటోలో సర్దుతుంటే ఒకటి ఠప్పుమంది. ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. అత్తగారు గుడికెళ్లింది. పోలమ్మ నాలుగు వైపులా చూసింది. అరుగు మీద నేను కనిపించాను.

సున్నం గోకి పారబోసింది. ఇటుకపొడేసి పీచుతో తోమింది. పైన కొత్తదాన్లా మెరిశాను. కానీ నా మూతి ఇరుకని మొదట్లోనే చెప్పాను. పోలమ్మ వేళ్లు భుజాల కిందికి చేరలేదు. అక్కడ ముప్పై ఏళ్ల సున్నం, అంగుళం మందాన, రాయిలా పట్టుకుని ఉంది.

"కడిగీసినాను, ఇంకేటవుద్ది" అనుకుని గడ్డి చుట్టి నన్ను పన్నెండోదానిగా పెట్టేసింది.

హోటల్లో మమ్మల్ని అందుకున్నవాడు నూకరాజు. నలభై దాటినవాడు, బార్లో కలిపే పని పద్దెనిమిదేళ్లుగా చేస్తున్నాడు, ఒక్క చుక్క తాగడు. అన్నీ వాసనతో తేలుస్తాడు. వచ్చీ రాగానే మా పన్నెండింటినీ నీళ్ల తొట్టిలో ముంచాడు. కొత్త మట్టి దాహం మీద ఉంటుంది, ముందు నీళ్లు తాగించకపోతే పోసిన టెకీలా అది తాగేస్తుంది. నానిన ముంత చల్లగా కూడా ఉంటుంది. ఈ సంగతి అతనికి ఏ వీడియో చెప్పలేదు. చేతికే తెలుసు.

తొట్టిలో నీళ్లు కాస్త పాలరంగు తిరిగాయి. నూకరాజు చూశాడు. మట్టి అనుకున్నాడు. మొదటి తప్పు.

మధ్యాహ్నం పళ్లు కోశాడు. మెక్సికోవాళ్లు వాడే చేదుపండు బజార్లో దొరకలేదు. దాని బదులు పంపరపనస తెచ్చాడు. తొనల మీది తెల్లపొర ఒక్క పీచు లేకుండా వలిచాడు, పొర ఉంటే రసం వగరెక్కుతుంది. నారింజలు పిండాడు. నిమ్మకాయల్ని బల్ల మీద అరచేత్తో దొర్లించి, మెత్తబడ్డాక అడ్డంగా కోసి పిండాడు. విత్తు నలిగితే చేదని, చివరి చుక్కల కోసం కక్కుర్తి పడలేదు. మూడు రసాల్నీ విడివిడిగా మంచులో పెట్టాడు. రాళ్లుప్పు కచ్చాపచ్చాగా దంచి, చిటికెడు ఎండుమిరపకారం కలిపి పళ్లెంలో పరిచాడు. టెకీలా సీసా మూత తీసి వాసన చూసి, "కిత్తనార" అన్నాడు తనలో తానే. అవును. రైలుకట్టల పక్కన మనం కంచెకి పెంచే కిత్తనారకి దూరపు చుట్టం దుంప నుంచే అక్కడివాళ్లు దాన్ని తీస్తారు.

తర్వాత ముంతల్ని ఒక్కొక్కటీ తీసి, తుడిచి, లోపల ముక్కు పెట్టి వాసన చూశాడు. ఒకటి. రెండు. అయిదు. తొమ్మిది. పదకొండు.

నన్ను చేతిలోకి తీసుకున్నాడు. ఇంకో రెండు క్షణాలు ఆగితే ఈ కథ అక్కడే ముగిసేది.

"నూకరాజూ! కారు వచ్చేసింది. ఏంటయ్యా ఇంకా, ముంతలు మూర్కొంటూ కూర్చున్నావా?"

"అయిపోయింది సార్."

నన్ను వాసన చూడకుండా బల్ల మీద పెట్టాడు. రెండో తప్పు.

అయిదింటికి అతిథులు కూర్చున్నారు. పన్నెండు మంది, ఎదురుగా సముద్రం. నూకరాజు వాళ్ల ముందే కలిపాడు. మూతి చుట్టూ నిమ్మచెక్క రుద్ది, ఉప్పుకారంలో బోర్లించి తీశాడు. సగానికి పైగా మంచుముక్కలు. చిటికెడు ఉప్పు. టెకీలా రెండు కొలతలు. పంపరపనస రసం రెండు, నారింజ ఒకటి, నిమ్మ ఒకటి. ఆపైన సోడా. పొడుగాటి చెంచాతో ఒకేఒక్కసారి కిందినుంచి పైకి. ఎక్కువ తిప్పితే సోడా చస్తుంది. పైన చక్రంలా కోసిన నారింజ ముక్క.

నిమ్మరసం తగిలిన క్షణమే నా భుజాల కింద భగ్గుమంది. సున్నానికీ పులుపుకీ ఎలా పడదో మీకు తెలిసిందే. బుస్సుమని పొంగాను. కానీ అదే సమయంలో పన్నెండు ముంతలూ సోడాతో బుసకొడుతున్నాయి. ఎవరికి తెలుస్తుంది? నిలబడి పంచుతున్న ఫణీంద్ర, అన్నింటికన్నా నురగ బాగా వచ్చిందని నన్నే ఏరి కెప్టెన్ ఎర్నెస్తో ముందు పెట్టాడు.

మిగతా పదకొండింటిలో నురగ చల్లారింది. నాలో చల్లారలేదు.

పెద్దాయన నన్నెత్తి ఒక గుక్క తీసుకున్నాడు. మొహం ముడుచుకుపోయింది. నురగ ముక్కులోకి ఎక్కింది. దగ్గు. ఆగని దగ్గు. నన్ను బల్ల మీద పెట్టేసి గొంతు పట్టుకున్నాడు. నా మూతి మీంచి తెల్లటి నురగ ఉబుకుతూ బల్లమీదికి కారింది.

"ఎవరూ తాగకండి! అందరూ కింద పెట్టేయండి!" ఫణీంద్ర గొంతు కీచుమంది.

ఎవరో నీళ్లు తెచ్చారు. ఎవరో డాక్టరుకి ఫోన్ చేశారు. పెద్దాయన నోరు పుక్కిలించి, చెయ్యెత్తి, పర్వాలేదన్నట్టు ఊపాడు. కానీ దగ్గు ఆగలేదు, మాట రాలేదు. ఫణీంద్ర నన్ను ఒక గాజుగిన్నెలోకి వంచాడు. పానీయంతో పాటు తెల్లటి పొడి దిగింది.

"ఏం కలిపావయ్యా ఇందులో?"

"మీ కళ్లముందే కలిపాను సార్. అన్నింట్లో ఒకటే."

"మరి ఇదొక్కటే ఎందుకు పొంగింది? ఈ తెల్లపొడేంటి? సెక్యూరిటీ! ఇతన్ని కదలనివ్వకు. పోలీసులొచ్చేదాకా ఎవరూ ఏదీ ముట్టుకోకండి."

సెక్యూరిటీ అతను వచ్చి నూకరాజు పక్కన నిలబడ్డాడు. రోజూ కలిసి టీ తాగే మనిషే. ఇప్పుడు ఎటు చూడాలో తెలియక బూట్లు చూసుకుంటున్నాడు.

నూకరాజు గాజుగిన్నెలో వేలు ముంచాడు.

"ముట్టుకోవద్దన్నానా!"

అప్పటికే వేలు నాలుక మీదుంది. పద్దెనిమిదేళ్లలో ఒక్క చుక్క మద్యం ముట్టని నాలుక. పెళ్లిభోజనం తర్వాత సున్నం ఎక్కువైన కిళ్లీ తిన్నవాళ్లెవరికైనా ఆ చురుకు తెలుస్తుంది. అతని కనుబొమలు లేచాయి.

"సార్, ఇది సున్నం."

ఫణీంద్ర నవ్వాడు. అది మంచి నవ్వు కాదు.

"సున్నమా? మీ నాన్న కూడా ఇదే చెప్పాడటగా. నాకు తెలీదనుకున్నావా? కల్తీ గౌరయ్య కొడుకువి నువ్వు."

నేను పగలకుండా ఎలా ఉన్నానో నాకే తెలియదు.

గౌరయ్య కొడుకు! నన్ను తొట్టిలో ముంచి, తుడిచి, మూతికి ఉప్పు పూసిన చేతులు గౌరయ్య కొడుకువి. అదే ముంత. అదే తెల్లపొడి. అదే మాట. ముప్పై ఏళ్ల క్రితం నావల్ల తండ్రి పేరు పోయింది. ఇప్పుడు నావల్లే కొడుకు పేరు పోబోతోంది. అడుగున పడి ఉన్న మంచుముక్కల్లో నేను గడ్డకట్టుకుపోయాను.

నూకరాజు తలవంచుకుని వేలికంటిన తెల్లపొడినే చూశాడు. అతను ఎందుకు తాగడో, ఎందుకు ప్రతి ముంతనీ వాసన చూస్తాడో నాకు అప్పుడర్థమైంది. జీవితమంతా ఆ పేరుని కడుక్కుంటూ వచ్చాడు. పైగా తండ్రి నిజంగానే కలిపాడేమోనన్న అనుమానం ఎక్కడో అతనికీ ఉంది. లేకపోతే తిరగబడి ఉండేవాడు.

అతను వేలు తుడుచుకుని తలెత్తాడు.

"వంటింట్లోంచి పసుపు తెప్పించండి సార్. ఒక తెల్ల పళ్లెం కూడా."

"ఎందుకు? పూజ చేస్తావా?"

"తెప్పించండి."

పసుపు వచ్చింది. నూకరాజు చెంచాతో నా భుజాల కింద గట్టిగా గీరాడు. పెచ్చులు ఊడొచ్చాయి. పైన రాయిలా ఉన్నా లోపలి పొర ఇంకా మెత్తగానే ఉంది, అంతకుముందు రోజు దాకా వాడుకలో ఉన్న సున్నం కదా. పళ్లెంలో వేసి, నాలుగు నీటిచుక్కలు చిలకరించి, చిటికెడు పసుపు వేసి వేలితో నూరాడు.

పచ్చగా ఉన్నది క్షణంలో ఎర్రబడింది. పెళ్లికూతురి పాదాలకి దిద్దే పారాణి ఎరుపు. దిష్టితీసే నీళ్ల ఎరుపు.

"సున్నమే సార్!" మొదట అరిచింది సెక్యూరిటీ అతను. ఆ గొంతులో సంతోషం దాగలేదు. "మా అమ్మ పారాణి ఇట్టాగే కలుపుద్ది!"

ఫణీంద్ర పళ్లెం దగ్గరికొచ్చి వంగి చూశాడు. అతనూ తెలుగింట్లో పుట్టినవాడే, కాదనలేకపోయాడు.

"సరే. సున్నమే. మరి వేసిందెవరు?"

"ముంతలు చేసినవాళ్లని అడుగుదాం సార్. మాట అందరికీ వినపడేలా."

నూకరాజు ఫోన్ బల్లమీద పెట్టి స్పీకరు నొక్కాడు. పోలమ్మ ఎత్తింది.

"అమ్మా, హోటల్ నుంచి. మీరు పంపిన ముంతల్లో ఒకదాన్లో సున్నం ఉంది."

అవతల పోలమ్మ గొంతు తగ్గించింది.

"సున్నమేటి బాబూ... మాకేటి తెల్దు... అన్నీ కొత్తయే..."

ఇంతలో వెనకనుంచి ఇంకో గొంతు దూసుకొచ్చింది. ఆ గొంతుని నేను ఎక్కడైనా గుర్తుపడతాను.

"ఒలే పోలీ! ఎవులే ఫోన్ల? ముంతంటన్నారేటి? ఇలాగియ్యి! బాబూ, నా సున్నం ముంత మీకాడుందేటి? గుడి కాన్నుంచొచ్చి సూద్దును గదా, అరుగు మీద నేదు! పొద్దుట్నుంచి కిళ్లీ నేక నా నోరెండిపోతంది! ఇది ముంతలు సాల్లేదని దాన్ని మీకు అంపీసినాదా? ఓలమ్మో! దాన్ల ఏటి పోసినారు? నిమ్మరసమా? ఎవులు తాగినారు? బతికున్నాడా?"

ముందు సెక్యూరిటీ అతను ఫక్కుమన్నాడు. వంటమాస్టరు నవ్వాడు. నవ్వు బల్లలన్నీ చుట్టేసింది. ఎవరో పెద్దాయనకి ఇంగ్లీషులో సంగతంతా చెప్పారు. ఆయన దగ్గు తగ్గింది. కళ్లు తుడుచుకుంటూ, "బతికే ఉన్నానని ఆవిడతో చెప్పండి" అన్నాడు.

తర్వాత పళ్లెంలోని పెచ్చు ఒకటి తీసుకుని వాసన చూశాడు.

"మా అమ్మ మొక్కజొన్నల్ని సున్నం నీళ్లలో ఉడికించేది. మాకు రొట్టె అవ్వాలంటే ముందు సున్నమే. మొదట గుర్తుపట్టలేదు. టెకీలాలో సున్నం ఉంటుందని ఎవరనుకుంటారు? మా వంటిల్లు గుర్తొచ్చింది." నూకరాజు వైపు తిరిగాడు. "ఇంకోటి కలుపు. ముంతని మాత్రం ఈసారి నేను ఎంచుకుంటాను. అన్నట్టు కాంతారీతో అంటే ఏమిటో తెలుసా? చిన్న ముంత."

నూకరాజు మళ్లీ కలిపాడు. పెద్దాయన గుక్క తీసుకుని కళ్లు మూసుకున్నాడు. పంపరపనస రుచిని మెచ్చుకుని, మూడో గుక్కకి ఓడల సంగతి ఫణీంద్రతో ఖాయం చేసేశాడు. ఫణీంద్ర టై సర్దుకుని, "నేను ముందే అనుకున్నాను సార్, ఏదో పొరపాటు అయ్యుంటుందని" అన్నాడు. మనుషుల దగ్గర ఇలాంటి సున్నం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. దేనికైనా పూసేస్తారు.

మర్నాడు ఉదయం నూకరాజు నన్ను సంచిలో పెట్టుకుని స్కూటరు మీద కుమ్మరి వీధికి తెచ్చాడు. సన్యాసమ్మ అరుగు మీదే కూర్చుని ఉంది. నన్ను లాక్కుని, మూతి లోపల బొటనవేలు పెట్టి చూసుకుంది. ముప్పై ఏళ్ల నొక్కులోకి వేలు సరిగ్గా కూర్చుంది.

"ఇదే. నా ఏలే ఇది. సున్నమంతా గీకీసినారేటి సచ్చినోల్లు!" అని, అప్పుడు తలెత్తి చూసింది. "నువ్వెవులి కొడుకువి బాబూ? ఈ ముక్కు నేనెక్కడో సూసినాను."

"గౌరయ్య కొడుకుని."

"గీత గౌరయ్యా?"

ఆ పేరు వినేసరికి నూకరాజు ఒక అడుగు ముందుకొచ్చాడు. గీత గౌరయ్య. కల్తీ గౌరయ్య కాదు.

"ఇది మీ అయ్య ముంతే గదరా! బెల్లం ముంత. బెల్లం ముంతకి సున్నం రాయకపోతే ఇంకేటి రాస్తారు? ఆ జీపోల్లు ఇటొచ్చి నన్నొక్క మాట అడిగితే సెప్పుదును. ఎవుడూ రానేదు. నేను ఎదురెల్లి సెప్పితే ఎవుడూ ఇన్నేదు. మీ అయ్య కల్లు పదేల్లు తాగినాను. అంత సుద్దమైన కల్లు మల్లీ తాగనేదు."

నూకరాజు అరుగు మీద కూర్చుండిపోయాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కిందికి చూస్తున్నాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని పోలమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. తలెత్తితే తెలిసింది, ఏడుపూ నవ్వూ రెండూనని.

"ఒక్కసారైనా అడగలేదు అప్పా, నేను అయ్యని" అన్నాడు. "నిజమేమోనని బయమేసి అడగలేదు."

సన్యాసమ్మ నన్ను రెండు చేతుల్లో కాసేపు తిప్పి చూసింది. తర్వాత అతని ఒడిలో పెట్టేసింది.

"అట్టుకెల్లు. మీ ఇంటి సొత్తు. నాకు నా కోడలు పెలాస్టిక్ డబ్బా కొంటాదిలే. ఏటే పోలీ, కొంటావా కొనవా?"

"కొంటాను అత్తా, కొంటాను" అంది పోలమ్మ లోపల్నుంచి. నిన్నటినుంచీ ఆవిడ దేనికీ కాదనడం లేదు.

ఇప్పుడు నేను సముద్రం ఎదురుగా, బార్లో పైఅరలో ఉన్నాను. నాలో ఎవరూ ఏమీ పోయరు. కింది అరలో కొత్త ముంతలు నలభై ఉన్నాయి. సాయంత్రం తెరిచేముందు నూకరాజు ఒక్కొక్కదానిలో వేలు పెట్టి తడిమి, ముక్కు పెట్టి వాసన చూస్తాడు. ఎవరు పిలిచినా మధ్యలో ఆపడు. ఫణీంద్ర పిలవడం కూడా మానేశాడు.

అప్పుడప్పుడూ ఎవరో ఒక అతిథి పైకి చూసి, ఆ పాత ముంత సంగతేంటి, లోపల తెల్లగా ఏదో ఉందే అని అడుగుతారు. ఎర్రబట్టతో గ్లాసు తుడుస్తున్న నూకరాజు ఆ చెయ్యి ఆపకుండానే, నాలుగు బల్లలకి వినపడేంత గట్టిగా చెప్తాడు:

"మా అయ్యది సార్. లోపలున్నది సున్నం."